మగ్గం చప్పుడు నమ్మినవాణ్ణి

సంపూర్ణమ్మ టీచరుకి విసుగు తెప్పించడంలో నన్ను మించినవాడు మా స్కూల్లో లేడు. ఆ సంగతి ఆవిడే చెప్పేది, అదీ స్టాఫ్ రూములో, నేను వింటుండగా. నేను హెడ్మాస్టర్ని. ఆవిడ వయసులో నాకంటే ఏడాది పెద్ద, ఉద్యోగంలో నా కింద. ఈ తేడా ఆవిడ ఎప్పుడూ గుర్తు పెట్టుకోలేదు, నేను ఎప్పుడూ మర్చిపోలేదు. పదకొండేళ్ళు అలాగే గడిపాం.

మాది మంగళగిరిలో చేనేత వీధుల మధ్య ఉన్న మునిసిపల్ స్కూలు. పిల్లల్లో ముప్పాతిక మంది మగ్గాల ఇళ్ళ నుంచే వస్తారు. నేనూ మగ్గం ఇంట్లోనే పుట్టాను. మా నాన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే ఆ గుంట గట్టు మీద కూర్చుని ఎక్కాలు బట్టీ పట్టాను. సంపూర్ణమ్మ వాళ్ళది దివిసీమ వైపు పొలం పనులు చేసుకున్న కుటుంబం. ఆవిడకి నాట్లు తెలుసు, కోతలు తెలుసు, ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడటం తెలుసు, పడుగేదో పేకేదో మాత్రం తెలియదు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక పాత ఇంట్లో రెండు గదుల వాటాలో ఉండేవారు. భర్త జక్కయ్య గారు ఒక చిన్న ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చేవారు. ఆ అక్షరాలకి కాలం చెల్లాక అక్కడే శుభలేఖలు కత్తిరించే పనిలో మిగిలిపోయారు.

ఆవిడ క్లాసులో హాజరు పిలిస్తే "ప్రెజెంట్ టీచర్" అనడానికి లేదు. పొద్దున ఏం తిన్నారో చెప్పాలి. "ఇడ్లీ టీచర్", "చద్దన్నం టీచర్", "టీ తాగాను టీచర్", అప్పుడప్పుడూ "ఏం లేదు టీచర్". నలభై మందికి ఇరవై నిమిషాలు పట్టేది. హాజరుపట్టీ నా బల్ల మీదకి ఆలస్యంగా వచ్చేది, నేను చిందులు తొక్కేవాణ్ణి.

"ఇది స్కూలా, హోటలా టీచర్ గారూ?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"ఏం లేదన్నవాడికి మీ టిఫిన్ బాక్సులోంచి రెండు పెట్టండి సార్, అప్పుడు చెప్తాను" అంది.

పెట్టాను కూడా. ఒకసారి కాదు, చాలాసార్లు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు ఒళ్ళు మండేది.

రెండు వేల ఇరవై మార్చిలో స్కూళ్ళు మూశారు. ఇంట్లో కూర్చోండి అని పైనుంచి ఒక ఆర్డరు. పిల్లల ఇళ్ళకి మధ్యాహ్న భోజనం బియ్యం, గుడ్లు, చిక్కీలు అందాలి అని అదే పైనుంచి ఇంకో ఆర్డరు. ఈ రెండు కాయితాల్నీ పక్కపక్కన పెట్టుకుని ఏం చెయ్యాలో తోచక నేను కూర్చుంటే, సంపూర్ణమ్మ మూడో రోజు పొద్దున్నే స్కూలు గేటు దగ్గర దిగింది. విజయవాడ కృష్ణా జిల్లా, మంగళగిరి గుంటూరు జిల్లా. మధ్యలో నది, నది మీద బ్యారేజీ, బ్యారేజీ మీద పోలీసులు. బస్సుల్లేవు. జక్కయ్య గారి పాత మోపెడ్ వెనక కూర్చుని, మెళ్ళో ఐడీ కార్డు వేలాడేసుకుని వచ్చేసింది.

"స్కూళ్ళు మూసేశారు కదమ్మా, ఎక్కడికి?" అని కానిస్టేబుల్ ఆపాడట.

"స్కూలు మూశారండీ, పిల్లల్ని మూయలేదుగా" అందట ఈవిడ. ఈ మాట జక్కయ్య గారు నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటారు, చెప్పినప్పుడల్లా కొత్తగా నవ్వేవారు.

అప్పటి నుంచి మా బడి వీధుల్లోకి వచ్చింది. గుడ్ల అట్టలు నేను మోసేవాణ్ణి, పేర్లు ఆవిడ పిలిచేది. టీవీలో పాఠాలు వచ్చేవి. టీవీ లేని ఇంటి పిల్లల్ని టీవీ ఉన్న ఇంటి కిటికీ బయట దూరదూరంగా కూర్చోబెట్టేది. లెక్కల కాయితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తలుపు గొళ్ళేలకి తగిలించి, మర్నాడు దిద్దడానికి తీసుకెళ్ళేది. ముసలివాళ్ళ షుగరు మాత్రల చీటీలు పట్టుకెళ్ళి గవర్నర్‌పేట మందుల షాపుల్లోంచి తెచ్చేది. ఎవరికో పింఛను కాయితం రాయాలి, ఎవరికో కూతురింటికి ఫోను కలిపిపెట్టాలి. ఎండ మాడిపోతుంటే ఏదో ఒక అరుగు మీద, గోడకి ఆ చివరొకరం ఈ చివరొకరం కూర్చుని మజ్జిగ తాగేవాళ్ళం. మాస్కు కిందకి లాగి తాగడం, మళ్ళీ పైకి లాక్కోవడం, ఆ మధ్యలోనే పోట్లాడుకోవడం. ఆ రోజులు మళ్ళీ రాకూడదు. కానీ ఆ రోజుల్లో మేం ఉన్నట్టు మళ్ళీ ఒక్కసారి ఉండాలని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

ఒక్కటే లోటు, వీధుల్లో చప్పుడు లేదు. నూలు రావడం ఆగింది, చీరలు కొనే షాపులు మూతపడ్డాయి, మగ్గాలు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక మంగళగిరిలో మగ్గం వినపడని పగలు నేను చూడలేదు. చెవుల్లో ఏదో అడ్డుపడినట్టు ఉండేది. సంపూర్ణమ్మకి చెబితే, "మా ఊళ్ళో నాట్లప్పుడు వాన పడకపోతే మా నాన్న ఇలాగే మొహం పెట్టేవాడు సార్" అంది.

జూన్ నెలాఖరుకి నూలు వచ్చింది. ముందు ఒక ఇంట్లో, తర్వాత నాలుగిళ్ళలో, శ్రావణానికల్లా వీధి వీధంతా టకటకలాడింది. వీధి మొదట్లో నిలబడి విన్నాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మా నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదని మా ఆవిడ వెక్కిరించింది.

నా తెలివి పనిచెయ్యడం అక్కడే మొదలైంది. అప్పటికి ఊళ్ళో కరోనా జబ్బు బాగా పెరిగింది. ప్రతి ఇంటి తలుపూ తట్టి పిల్లలెలా ఉన్నారు, పెద్దలెలా ఉన్నారు అని అడిగి రాసుకోవడం నాకు భయంగా ఉండేది. భయమని ఒప్పుకోకుండా దానికి ఒక పద్ధతి కనిపెట్టాను. నేతగాడికి ఒళ్ళు బాగోకపోతే మగ్గం ఎక్కడు. కాబట్టి మగ్గం ఆడుతున్న ఇంటి ముందు ఆగక్కర్లేదు, వీధిలోంచే విని "బాగున్నారు" అని రాసుకోవచ్చు. ఆగిన ఇంటి దగ్గరే ఆగాలి. ఇది మగ్గం ఇంట్లో పుట్టినవాడికి తప్ప తట్టదని నాకు గొప్పగా ఉండేది. వీధులు చెరి సగం పంచుకున్నాం, గొళ్ళేలకున్న లెక్కల కవర్లు మాత్రం నా సగంలోవి కూడా తెచ్చి ఆవిడకే ఇచ్చేవాణ్ణి. నా సగం నేను గంటలో ముగించేవాణ్ణి.

"మగ్గం బాగుంటే మనుషులు బాగున్నట్టేనా సార్?" అంది సంపూర్ణమ్మ.

"మీకు తెలీదండీ, ఇది మా లోపలి సంగతి" అన్నాను. ఆవిడ వాదించలేదు. తన సగంలో మాత్రం ప్రతి తలుపూ తట్టేది.

ఆగస్టులో పక్క వీధిలో రత్తయ్య అనే నేతగాడికి పాజిటివ్ వచ్చింది. వీధికి రెండు వైపులా వెదురు కర్రలు కట్టేశారు. బ్లీచింగ్ చల్లారు. రత్తయ్య తేరుకున్నాడు గానీ ఆ వీధి చీరలు తీసుకోనని, నూలిచ్చి నేయించుకునే షావుకారు కబురు పెట్టాడు. కుళాయి దగ్గర ఆ ఇంటివాళ్ళ బిందె వెనక ఎవరూ బిందె పెట్టలేదు. ఇదంతా మిగతా వీధులు కళ్ళారా చూశాయి.

ఆ తర్వాత వారానికి, వాన తెరిపిచ్చిన ఒక పొద్దున, నా సగంలోని ఒక వీధిలోకి సంపూర్ణమ్మ నాతో కలిసి వచ్చింది. ఆ వీధిలో వీరభద్రయ్య ఇల్లుంది. వీరభద్రయ్య మంచి పనివాడు, మితభాషి. భార్య బాలత్రిపురసుందరి, అందరికీ త్రిపుర. వాళ్ళకి ఒక్కతే కూతురు, జ్యోతిర్మయి, మా స్కూల్లో ఏడో తరగతి.

"జ్యోతి నాలుగు రోజుల్నించి లెక్కల కవరు బయట పెట్టట్లేదు సార్. అదెప్పుడూ అలా చెయ్యదు" అంది సంపూర్ణమ్మ.

"ఇల్లు బాగానే ఉందండీ, నేను రోజూ వింటున్నాను" అన్నాను. నిజంగానే లోపల మగ్గం ఆడుతోంది. మూడు నాలుగు రోజులుగా కాస్త నెమ్మదిగా ఆడుతోందని నాకు తెలుసు. వానల్లో పడుగు మెత్తబడితే నేత సాగదు, అందుకేలే అనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉంది.

సంపూర్ణమ్మ తలుపు తట్టింది. తలుపు తెరుచుకోలేదు, కిటికీ రెక్క ఒకటి తెరుచుకుంది. త్రిపుర మొహం కనపడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"జ్యోతి ఏదమ్మా?"

"పెరట్లో అంట్లు తోముతోంది టీచరమ్మా."

"వాళ్ళ నాన్న?"

"మగ్గం మీదున్నాడు. వినపడట్లా?"

నేను నావైపు చూడమన్నట్టు సంపూర్ణమ్మకి తలూపాను. చెప్పానా అని దానర్థం. ఆవిడ నా వైపు చూడలేదు. కిటికీ దగ్గరగా వెళ్ళి, క్లాసులో పిలిచే గొంతుతో ఒక్కసారి పిలిచింది.

"జ్యోతిర్మయీ!"

మగ్గం ఆగిపోయింది.

పిలిచింది పిల్లని, ఆగింది మగ్గం. వీధిలో మిగతా ఇళ్ళ మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి, ఈ ఒక్క ఇంట్లోనే ఏ చప్పుడూ లేదు. త్రిపుర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కిటికీలోంచి చూస్తే ముందు గదిలో గుంటలో ఆ పిల్ల నిలబడి ఉంది. కాళ్ళు అందక, తొక్కే కర్రల మీద చెక్కముక్కలు కట్టుకుంది. చేతికి గుడ్డపీలిక చుట్టుకుంది.

"నేను ఆపితే అందరికీ తెలిసిపోద్దంది అమ్మ" అంది. "నాలుగు రోజుల్నించి ఆపలేదు టీచర్. అన్నం తినేటప్పుడే ఆపుతున్నా."

లోపలి గదిలో వీరభద్రయ్య గోడకి ఆనుకుని ఉన్నాడు. సంపూర్ణమ్మ ఇంకో మాస్కు పైన కట్టుకుని, సందులోంచి పక్క కిటికీకి వెళ్ళింది. వాళ్ళ చర్చిలో ఊపిరి ఎంత అందుతోందో తెలుసుకోవడానికి ఒక నర్సమ్మ చెప్పిన చిట్కా ఆవిడకి తెలుసు.

"వీరభద్రయ్య గారూ, గాలి బాగా పీల్చుకుని ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టండి. పైకి, నాకు వినపడాలి."

ఆయన సిగ్గుపడ్డాడు. తర్వాత మొదలెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగు చిన్నగా వినపడింది. ఐదు దగ్గర ఆగి దగ్గాడు. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ ఐదే. గుంటలో నిలబడ్డ పిల్ల పెదాలు కదుపుతోంది, తండ్రికి ఆరు అందించాలని.

"చేతులెత్తి మొక్కుతా టీచరమ్మా, ఎవరికీ చెప్పొద్దు. వీధి మూసేస్తారు. చీరలు తీసుకోరు. నాలుగు రోజులు ఆగండి, లేచి కూర్చుంటాడు" అంది త్రిపుర.

"నాలుగు రోజులెక్కడివమ్మా? ఐదు దాటి లెక్కపెట్టలేకపోతున్నాడు" అంటూనే సంపూర్ణమ్మ 108కి ఫోను కలిపింది.

అంబులెన్సు రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఆవిడ కిటికీ దగ్గరే నిలబడి, ఆయన్ని బోర్లా పడుకోబెట్టించి, ఏవో కబుర్లు చెబుతూనే ఉంది. వీధిలో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఆరోగ్య కార్యకర్త వచ్చి పరీక్ష చేస్తే భార్యాభర్తలిద్దరికీ పాజిటివ్, పిల్లకి నెగెటివ్. ఇద్దర్నీ గుంటూరు తీసుకెళ్ళాలి. పిల్లని ఎక్కడైనా విడిగా పద్నాలుగు రోజులు ఉంచాలి. చీరాలలో ఉన్న మేనమామకి ఫోను చేస్తే, ఇప్పుడు కాదక్కా అని పెట్టేశాడు. పిల్ల అరుగు మీద ఒక్కతే కూర్చుంది.

మాది ఆ ఇంటికి రెండు వీధుల అవతల. మేడ మీద ఒక గది ఉంది. అద్దెకిద్దామని కట్టించాను, బయటి నుంచే మెట్లు, దానికి విడిగా బాత్రూము. నాలుగు నెలలుగా ఖాళీగా ఉంది. నేను, వీరభద్రయ్య ఒకే కులంవాళ్ళం, మా నాన్నా వాళ్ళ నాన్నా ఒకే షావుకారుకి నేసినవాళ్ళు. మా ఆవిడకి షుగరు. ఎవరూ నన్ను అడగకుండానే ఆ షుగరు సంగతి నాకు నేను రెండుసార్లు చెప్పుకున్నాను. తర్వాత, "ఆఫీసుకి ఫోన్ చేసి విషయం చెప్పొస్తానండీ" అని పైకి అని, ఇంటికి వెళ్ళిపోయాను.

గంట తర్వాత జక్కయ్య గారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "మా ఆవిడ పిల్లని తీసుకుని ఆటోలో బయల్దేరిందండీ. ముందు గది ఖాళీ చెయ్యమంది. మంచం వసారాలోకి లాగుతున్నా."

గవర్నర్‌పేటలో ఆ పద్నాలుగు రోజులూ ఎలా గడిచాయో తర్వాత ముక్కలు ముక్కలుగా విన్నాను. ఇంటి ఓనరు పద్మావతమ్మ గారు మొదటి రోజు ఖాళీ చెయ్యమని గొడవ చేసి, మూడో రోజు నుంచి మెట్ల మీద పెరుగు గిన్నె పెట్టడం మొదలెట్టారట. జ్యోతికి మగ్గం చప్పుడు లేకపోతే నిద్ర పట్టేది కాదట. జక్కయ్య గారు ఎప్పటివో సీసపు అక్షరాలు ఒక డబ్బాలోంచి తీసి, తిరగేసి ఉన్న అక్షరాల్ని చదవడం గుమ్మం అవతల కూర్చుని నేర్పారట. ఆ పిల్ల తన పేరు తిరగేసి పేర్చి, కాయితం మీద అద్దిన ముక్క ఇప్పటికీ వాళ్ళింట్లో ఉంది.

సంపూర్ణమ్మ కూడా అన్నాళ్ళూ బయటికి రావడానికి లేదు. వీధులన్నీ నా మీద పడ్డాయి. ఆ పద్నాలుగు రోజులూ నేను ప్రతి తలుపూ తట్టాను. మగ్గం ఆడినా తట్టాను, ఆడకపోయినా తట్టాను. మనుషుల్ని పేరు పెట్టి పిలిచి, మొహం చూసేదాకా కదల్లేదు. ఇంకో రెండిళ్ళలో జ్వరాలు బయటపడ్డాయి. భయం పోలేదు, భయపడుతూనే తట్టాను.

త్రిపుర ముందుగా వచ్చి పిల్లని తెచ్చుకుంది. వీరభద్రయ్య పద్దెనిమిది రోజులకి ఇంటికి వచ్చాడు, సగానికి సగం అయిపోయి. ఇంకో రోజు ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడట. మగ్గం మీద కూతురు నేసిన రెండు గజాలు వంకరటింకరగా ఉన్నాయి. ఆ చీర ఏ షావుకారూ తీసుకోడు. విప్పేసి మళ్ళీ నెయ్యొచ్చు, ఆయన విప్పలేదు. దానికి కొనసాగింపుగా మిగతా చీర నేసి త్రిపురకిచ్చాడు. ఆవిడ దాన్ని పండగలకి కడుతుంది.

నిరుడు సంపూర్ణమ్మ రిటైరైంది. స్కూలు ఆవరణలో షామియానా వేశాం. వీధులన్నీ వచ్చాయి. వీరభద్రయ్య కుటుంబం ముందు వరసలో కూర్చుంది, జ్యోతి అప్పటికి ఇంటర్‌లో చేరింది. హెడ్మాస్టరుగా నేను మాట్లాడాలి. మగ్గం ఆగిన సంగతి చెప్పాను. చప్పుడు నమ్మి నేను ఎంత వెధవ పని చేశానో దాచకుండా చెప్పాను. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు, నా నిజాయితీని కూడా మెచ్చుకున్నారు. మేడ మీద గది ఊసు మాత్రం నా నోట్లోంచి రాలేదు.

సాయంత్రం ఆవిడ దండలు, శాలువాలు ఆటోలో సర్దుకుంటుంటే పక్కకి వెళ్ళాను.

"టీచర్ గారూ, ఆ రోజు మా పై గది ఖాళీగా ఉంది."

"తెలుసు సార్."

"మరి అడగలేదే?"

ఆవిడ చేతిలో శాలువా మడత పెట్టి, సీటు మీద ఉంచి, అప్పుడు నా వైపు చూసింది.

"అడుగుదామనే వచ్చానండీ. పిల్లని అరుగు మీద కూర్చోబెట్టి మీ వీధి మలుపు దాకా వచ్చాను. పై గదికి తాళం కూడా కనపడింది. అక్కడే నిలబడిపోయాను. మీరు కాదంటే? ఇంకా కొన్నేళ్ళు మీతో కలిసి పని చెయ్యాలి, రోజూ పొద్దున్నే మీ మొహం చూడాలి. చూడలేనేమోనని భయమేసింది సార్. అందుకని తిరిగెళ్ళిపోయాను."

జక్కయ్య గారు ముందు సీట్లోంచి, ఇక బయల్దేరదామా అన్నారు. ఆవిడ ఎక్కి కూర్చుంది. అడిగి ఉంటే కాదనేవాణ్ణి కాదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. అది నిజమో కాదో నాకే తెలియక, ఆటో మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డాను.